/ప్రాక్, /సిస్ ఖాళీగా ఉంటే ఎక్కడ వెతకాలి? చిన్న లైనక్స్ బోర్డు మీద కనిపించని సిస్టమ్ ఫైళ్ల గురించి

మీ సమస్యను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. బోర్డు బీగల్‌బోన్ బ్లాక్. కెర్నల్‌ను (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) టైనీకాన్ఫిగ్ (వీలైనంత తక్కువ ఆప్షన్లున్న సెట్టింగ్) నుంచి మొదలుపెట్టి, అవసరమైనవి చేర్చుకుంటూ మీరే కంపైల్ చేశారు. రూట్ ఫైల్ సిస్టమ్‌లో స్టాటిక్‌గా కట్టిన బిజీబాక్స్ (చాలా కమాండ్లను ఒకే ప్రోగ్రామ్‌లో ఇచ్చే సాధనం) తప్ప ఏమీ లేదు. బూట్ అవుతోంది, షెల్ ప్రాంప్ట్ కూడా వస్తోంది. కానీ నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కొడితే పై హెడ్డింగ్ లైను ఒక్కటే వస్తోంది. ఫ్రీ కొడితే /ప్రాక్/మెమ్ఇన్ఫో తెరవలేకపోతున్నానంటోంది. డీఎఫ్‌దీ అదే గోల, అది /ప్రాక్/మౌంట్స్ లేదంటోంది. బోర్డు పిన్‌లను నడిపే /సిస్/క్లాస్/జీపీఐఓ అసలు లేదు. లేని డైరెక్టరీలు చేత్తో చేస్తే రీబూట్ తర్వాత మాయమయ్యాయి. చివరికి ఉబుంటు ల్యాప్‌టాప్‌లోని /ప్రాక్‌ను ఎస్‌డీ కార్డులోకి కాపీ చేసి చూశారు. మీరు అడిగింది: "ఈ ఫైళ్లు ఏ ప్యాకేజీలో వస్తాయి?"

ఒక మాట. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. బోర్డు మీద మాత్రం మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టండి.

ఏ ప్యాకేజీలోనూ రావు. డిస్కు మీద ఆ ఫైళ్లు ఎప్పుడూ లేవు, మీ ఉబుంటు ల్యాప్‌టాప్‌లో కూడా లేవు. /ప్రాక్/మెమ్ఇన్ఫోను మీరు చదివిన క్షణంలో కెర్నల్ తన లెక్కలు చూసి, ఆ అంకెలను అప్పటికప్పుడు అక్షరాలుగా పేర్చి ఇస్తుంది. అందుకే ఎల్ఎస్ -ఎల్ కొడితే దాదాపు ప్రతి ఫైలు సైజూ సున్నా అని కనిపిస్తుంది, క్యాట్ చేస్తే మాత్రం పేజీలకు పేజీలు వస్తాయి. ప్రాసెస్‌లను ఫైళ్లలా చూపించాలన్న ఆలోచన 1980లలోని యూనిక్స్ ఎనిమిదో ఎడిషన్ నాటిది. లైనక్స్ దాన్ని తీసుకుని మెమరీ, మౌంట్లు, ఇంటరప్టులు అన్నీ అందులోకే చేర్చింది. హార్డ్‌వేర్ వివరాల కోసం 2003లో వచ్చిన 2.6 కెర్నల్‌తో, /సిస్‌లో కనిపించే సిస్‌ఎఫ్ఎస్ విడిగా ఏర్పడింది. 2009లో 2.6.32తో, డివైస్‌లను ఫైళ్లలా చూపే నోడ్లుండే /డెవ్‌ను కెర్నలే నింపే డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ వచ్చింది. అంతకుముందు రాసిన చాలా ట్యుటోరియళ్లలో ప్రతి డివైస్ నోడ్‌కీ ఎంకేనోడ్ కొట్టమని ఉంటుంది. మీరు చదివిన వాటిలో అలా ఉంటే, అది ఎప్పుడు రాసిందో ఒకసారి చూసుకోండి.

/ప్రాక్ అనే డైరెక్టరీ గోడకు బిగించిన కుళాయి లాంటిది. నీళ్లు కెర్నల్‌లో ఉన్నాయి, రెంటినీ కలిపే పైపు మౌంట్ కమాండ్. కుళాయి ఎంత కొత్తదైనా పైపు కలపకపోతే చుక్క రాదు. డెస్క్‌టాప్ డిస్ట్రిబ్యూషన్‌లో బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ ఆ పని నిశ్శబ్దంగా చేసేస్తుంది కాబట్టి, ఆ పని ఒకటుందని కూడా మనకు తెలియదు. మీ బోర్డులో సిస్టమ్‌డీ లేదు. ఆ పని మీరు రాసే స్క్రిప్టే చేయాలి. /ప్రాక్‌ను గానీ /సిస్‌ను గానీ కెర్నల్ తనంతట తాను ఎప్పుడూ మౌంట్ చేయదు.

మిగతా వాటికంటే ముందు, ల్యాప్‌టాప్ నుంచి కాపీ చేసిన ఆ ఫైళ్లన్నీ కార్డు మీద నుంచి తీసేయండి. అవి ఉన్నంతసేపు మీరు చూసే ఏ ఫలితాన్నీ నమ్మలేరు. /ప్రాక్/సీపీయూఇన్ఫో తెరిస్తే మీ ఆర్మ్ బోర్డు మీద ఇంటెల్ ప్రాసెసర్ కనిపిస్తుంది. ఫైలు ఉందా అని చూసే స్క్రిప్టులు ఉందనుకుని ముందుకుపోతాయి. పైగా /ప్రాక్‌ను కాపీ చేయడమే ప్రమాదం. అందులో కేకోర్ అనే ఫైలు 64 బిట్ ల్యాప్‌టాప్‌లో 128 టెరాబైట్ల సైజు చూపిస్తుంది, కేఎంఎస్‌జీ లాంటివి చదవబోతే కాపీ అక్కడే ఆగిపోతుంది. నడుస్తున్న సిస్టమ్ నుంచి టార్ తీసి ఇమేజ్ తయారుచేసేవాళ్లకు కూడా ఇదే చెప్తాను: /ప్రాక్, /సిస్, /డెవ్, /రన్ లోపలి సరుకు వదిలేయండి, ఖాళీ డైరెక్టరీలు మాత్రం ఉంచండి.

ఇప్పుడు కనిపిస్తున్న /ప్రాక్ అసలుదా, ఉత్త డైరెక్టరీయా అని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. /ప్రాక్‌తో పనిలేకుండానే ఇది నడుస్తుంది:

ఎల్ఎస్ -డీఐ /ప్రాక్

దాని పక్కన ఐనోడ్ నంబరు (ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైలుకూ, డైరెక్టరీకీ ఇచ్చే సంఖ్య) వస్తుంది. అది 1 అయితే నిజంగా మౌంట్ అయినట్టే. ఇంకేదైనా పెద్ద సంఖ్య వస్తే అది కార్డు మీదో ర్యామ్ డిస్కులోనో ఉన్న మామూలు డైరెక్టరీ. /సిస్‌కూ ఇదే గుర్తు. బిజీబాక్స్‌లో మౌంట్‌పాయింట్ అనే ఆప్లెట్ (బిజీబాక్స్ లోపలి కమాండ్) పెట్టుకుని ఉంటే, మౌంట్‌పాయింట్ /ప్రాక్ అని అడిగినా సరిపోతుంది. ఇవెందుకంటే, ఊరికే మౌంట్ అని కొడితే వచ్చే జాబితా /ప్రాక్/మౌంట్స్ నుంచే వస్తుంది. పోయిన వస్తువును వెతకడానికి అదే వస్తువు కావాలన్నట్టుంటుంది వ్యవహారం. డీమెస్గ్ (కెర్నల్ లాగ్ చూపేది), యూనేమ్ (కెర్నల్ వివరాలు చెప్పేది) మాత్రం నేరుగా సిస్టమ్ కాల్‌తో కెర్నల్‌ను అడుగుతాయి కాబట్టి ఈ స్థితిలో కూడా పనిచేస్తాయి. వాటిని వాడుకోండి.

తర్వాత చేత్తో ఒకసారి మౌంట్ చేసి చూడండి:

మౌంట్ -టి ప్రాక్ ప్రాక్ /ప్రాక్

ఈ ఒక్క కమాండ్‌కు వచ్చే జవాబుతో సగం పని అయిపోతుంది. చాలామంది "ఎర్రర్ వచ్చింది" అని మాత్రం చెప్తారు, ఆ ఎర్రర్‌లోని మాటలు చెప్పరు. ఇక్కడ ఆ మాటలే ముఖ్యం. ఒక్కో మాట ఒక్కో చోటికి తీసుకెళ్తుంది.

ఏ మాటా లేకుండా ప్రాంప్ట్ తిరిగి వచ్చి, ఎల్ఎస్ /ప్రాక్‌లో అంకెల పేర్లతో డైరెక్టరీలు కనిపించాయంటే మీ కెర్నల్ ఆరోగ్యంగా ఉంది. లోపం బూట్ స్క్రిప్టులో ఉంది. దాని గురించి కింద వివరంగా రాశాను.

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటే /ప్రాక్ అనే డైరెక్టరీయే లేదు. మౌంట్ చేయడానికి ముందు ఖాళీ డైరెక్టరీ ఒకటి ఉండాలి. మీరు ఎంకేడిర్ కొట్టినా రీబూట్‌కు పోయిందన్నారు కదా, దానికి కారణం మీ రూట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఉండటం. అది పూర్తిగా ర్యామ్‌లో ఉంటుంది, పవర్ తీస్తే అందులో చేసిన మార్పులన్నీ పోతాయి. డైరెక్టరీని బోర్డు మీద కాదు, ల్యాప్‌టాప్‌లో ఇమేజ్ కట్టే ఫోల్డర్‌లో చేయాలి. రూట్ స్క్వాష్‌ఎఫ్ఎస్ అయితే అది రీడ్ ఓన్లీ కాబట్టి బోర్డు మీద ఎంకేడిర్ అసలు పనిచేయదు, అక్కడా ఇమేజ్ కట్టేటప్పుడే ఉండాలి.

టీమ్‌గా పనిచేసేచోట ఈ డైరెక్టరీలు మాయం కావడానికి ఇంకో కారణం తరచూ కనిపిస్తుంది. రూట్ ఫైల్ సిస్టమ్ ఫోల్డర్‌ను గిట్‌లో పెడతారు. గిట్ ఖాళీ డైరెక్టరీలను నిల్వ చేయదు. ఒకరి ల్యాప్‌టాప్‌లో కట్టిన ఇమేజ్ చక్కగా నడుస్తుంది, ఇంకొకరు క్లోన్ చేసి కట్టినది నడవదు. ఇద్దరి దగ్గరా కోడ్ ఒక్కటే, కమిట్ ఒక్కటే. తేడా ఎక్కడుందో తెలియక వాళ్లు కెర్నల్ కాన్ఫిగ్‌లు పోల్చుకుంటూ కూర్చుంటారు. ఖాళీగా ఉండాల్సిన ప్రాక్, సిస్, డెవ్, టీఎంపీ, రన్ డైరెక్టరీలను గిట్‌కు వదిలేయకుండా, ఇమేజ్ కట్టే స్క్రిప్టులోనే ఎంకేడిర్ -పీతో చేయించండి. ఆ ఇబ్బంది మళ్లీ రాదు.

"నో సచ్ డివైస్" అని వచ్చిందంటే విషయం పూర్తిగా వేరు. ఆ మాట చూసి డిస్కు గురించో కార్డు గురించో వెతకొద్దు. ఇక్కడ దాని అర్థం, ప్రాక్ అనే రకం ఫైల్ సిస్టమ్ ఈ కెర్నల్‌లో లేదని. మీరు టైనీకాన్ఫిగ్ నుంచి మొదలుపెట్టారు కాబట్టి నా అనుమానం ఎక్కువగా దీని మీదే. మామూలు కాన్ఫిగ్‌లో కాన్ఫిగ్_ప్రాక్_ఎఫ్ఎస్, కాన్ఫిగ్_సిస్ఎఫ్ఎస్ రెండూ ఆన్‌లో ఉంటాయి. ఎక్స్‌పర్ట్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే తప్ప వాటిని తీసేయడానికి మెనూలో కనిపించవు కూడా. టైనీకాన్ఫిగ్ అలా కాదు. తీసేయగలిగినవన్నీ తీసేయడమే దాని లక్ష్యం, వీటిని కూడా తీసేస్తుంది. మెనూకాన్ఫిగ్‌లో ఫైల్ సిస్టమ్స్ లోపల సూడో ఫైల్ సిస్టమ్స్ అనే చోట రెండూ ఉంటాయి. అక్కడే టీఎంపీఎఫ్ఎస్ కూడా ఉంది, దాన్నీ ఆన్ చేయండి. డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ మాత్రం డివైస్ డ్రైవర్స్ లోపల జెనరిక్ డ్రైవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ ఏవీ మాడ్యూళ్లుగా (కెర్నల్‌లోకి తర్వాత ఎక్కించే ముక్కలుగా) కట్టేవి కావు. ఉంటే కెర్నల్‌లోనే ఉంటాయి, లేకపోతే లేవు. కాబట్టి మాడ్యూళ్లను ఎక్కించే మోడ్‌ప్రోబ్‌తో తెచ్చుకుందామనుకోవద్దు.

కాన్ఫిగ్ మార్చి కంపైల్ చేశాక కూడా అదే ఎర్రర్ వస్తే, బోర్డు మీద నడుస్తున్నది నిజంగా కొత్త కెర్నలేనా అని చూడండి. యూనేమ్ -వీ కొడితే ఆ కెర్నల్ కట్టిన తేదీ, సమయం వస్తాయి. బూట్ పార్టిషన్‌లోని జెడ్ఇమేజ్‌ను (కెర్నల్ ఫైలును) మీరు మార్చి ఉండొచ్చు, యూబూట్ (బోర్డు లేవగానే కెర్నల్‌ను తెచ్చి నడిపే ప్రోగ్రామ్) మాత్రం రెండో పార్టిషన్‌లోని /బూట్ నుంచో బోర్డు మీదున్న ఈఎంఎంసీ (బోర్డుకే అతికించిన స్టోరేజ్) నుంచో పాతదాన్ని తీసుకుంటూ ఉండొచ్చు. బీగల్‌బోన్ బ్లాక్‌లో ఎస్‌డీ కార్డు, ఈఎంఎంసీ రెండూ ఉండటం వల్ల ఈ తికమక బాగా జరుగుతుంది. ఆ తేదీ మీరు కంపైల్ చేసిన సమయంతో సరిపోయేదాకా ముందుకు కదలొద్దు.

"డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటే ఇప్పటికే అక్కడ ప్రాక్ మౌంట్ అయి ఉంది. ఇది సాధారణంగా మంచి వార్తే, రెండుసార్లు మౌంట్ చేయబోయారంతే. "మౌంట్: నాట్ ఫౌండ్" అని వస్తే బిజీబాక్స్‌లో ఆ ఆప్లెట్ లేదు, లేదా దాని లింకు లేదు. లింకు లేకపోతే /బిన్/బిజీబాక్స్ మౌంట్ అని ముందు పూర్తి దారి ఇచ్చి కొట్టండి, పనవుతుంది.

బిజీబాక్స్ గురించి ఒక సూక్ష్మమైన విషయం ఇక్కడే చెప్పాలి. అది తనను తాను మళ్లీ నడిపించుకోవాల్సి వచ్చినప్పుడు /ప్రాక్/సెల్ఫ్/ఎక్స్ఈ అనే దారి వాడుతుంది. స్టాండ్‌అలోన్ షెల్ ఆప్షన్‌తో కట్టిన బిజీబాక్స్‌లో /ప్రాక్ లేకపోతే చాలా కమాండ్లు దొరకవు. /బిన్ నిండా లింకులు పెట్టే బిజీబాక్స్ --ఇన్‌స్టాల్ -ఎస్ కూడా అంతే. /ప్రాక్ లేనప్పుడు దాన్ని ఉత్త పేరుతో పిలిస్తే, ఇది పూర్తి దారి కాదని చెప్పి ఆగిపోతుంది, /బిన్/బిజీబాక్స్ అని పిలిస్తే నడుస్తుంది. అంటే "కమాండ్లే పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు వెనుక కూడా కొన్నిసార్లు మౌంట్ కాని /ప్రాకే ఉంటుంది.

ఇక బూట్ స్క్రిప్టు సంగతి. చేత్తో మౌంట్ చేస్తే వస్తోంది, రీబూట్ చేస్తే పోతోంది అన్న సందర్భం ఇది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న: ఒకటో నంబరు ప్రాసెస్‌గా (కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రామ్, దీన్నే ఇనిట్ అంటారు) ఏది నడుస్తోంది? కెర్నల్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌తో బూట్ అయితే అందులోని /ఇనిట్‌ను నడుపుతుంది. డిస్కులోని రూట్‌తో అయితే /ఎస్‌బిన్/ఇనిట్, /ఈటీసీ/ఇనిట్, /బిన్/ఇనిట్, /బిన్/ఎస్‌హెచ్ వరుసగా ప్రయత్నిస్తుంది. కొత్త కెర్నళ్లయితే దేన్ని నడుపుతున్నదీ లాగ్‌లోనే "రన్ ... యాజ్ ఇనిట్ ప్రాసెస్" అని చెప్తాయి. డీమెస్గ్‌లో ఆ లైను పట్టుకోండి. టైనీకాన్ఫిగ్‌లో ప్రింట్‌కే (కెర్నల్ లాగ్ రాసే ఆప్షన్) కూడా ఆఫ్ అవుతుందని మర్చిపోవద్దు. దాన్ని ఆన్ చేయకపోతే లాగే ఉండదు, చీకట్లో వెతికినట్టవుతుంది.

ఆ లైనులో /బిన్/ఎస్‌హెచ్ ఉంటే వేరే కారణం వెతకనక్కర్లేదు. యూబూట్‌లో కెర్నల్‌కు ఆదేశాలిచ్చే బూట్ఆర్గ్స్ అనే లైనులో ఎవరో ఇనిట్=/బిన్/ఎస్‌హెచ్ పెట్టి వదిలేశారు, లేదా ముందున్న మూడూ దొరక్క కెర్నల్ షెల్‌తో సరిపెట్టుకుంది. రెండు సందర్భాల్లోనూ మీ స్క్రిప్టులు ఏవీ నడవలేదు, అందుకే ఏదీ మౌంట్ కాలేదు. షెల్ ప్రాంప్ట్ వచ్చింది కాబట్టి బూట్ పూర్తయిందనిపిస్తుంది. నిజానికి బూట్‌లో యూజర్ వైపు జరగాల్సినది ఏదీ మొదలు కాలేదు.

బిజీబాక్స్ ఇనిట్ నడుస్తుంటే, అది ముందు, ఏమేం నడపాలో రాసి ఉండే /ఈటీసీ/ఇనిట్‌ట్యాబ్ చూస్తుంది. అది లేకపోతే తన దగ్గరున్న డిఫాల్ట్ ప్రకారం /ఈటీసీ/ఇనిట్.డీ/ఆర్‌సీఎస్ అనే స్క్రిప్టును నడుపుతుంది. చివరి ఎస్ పెద్ద అక్షరం, చిన్నది పెడితే దొరకదు. ఆ స్క్రిప్టు ఉండి కూడా "కాంట్ రన్" అని వస్తే, వెనక ఏ మాట ఉందో చూడండి. "పర్మిషన్ డినైడ్" అయితే సీహెచ్‌మోడ్ +ఎక్స్ మర్చిపోయారు. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వచ్చి, ఫైలు మాత్రం కళ్ల ముందే ఉంటే, లేనిది స్క్రిప్టు కాదు, దాని మొదటి లైనులో రాసిన షెల్. అక్కడ /బిన్/బ్యాష్ అని రాసి ఉంటుంది, మీ దగ్గరేమో బిజీబాక్స్ షెల్ మాత్రమే ఉంది. లేదా విండోస్‌లో ఎడిట్ చేసిన ఫైలు కావడంతో లైను చివర కనిపించని అక్షరం చేరి, /బిన్/ఎస్‌హెచ్ పక్కన దాన్ని కూడా కలిపి కెర్నల్ వెతుకుతోంది. డాస్2యూనిక్స్‌తో ఒకసారి శుభ్రం చేయండి. టైనీకాన్ఫిగ్‌వాళ్లకు ఇంకొకటి: కాన్ఫిగ్_బిన్‌ఎఫ్ఎంటీ_స్క్రిప్ట్ లేకపోతే, షెల్ స్క్రిప్టుగా రాసిన /ఇనిట్‌ను కెర్నల్ అసలు నడపలేదు, ఎర్రర్ -8 అని లాగ్‌లో వస్తుంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో పెట్టే /ఇనిట్ కనీసం ఇలా ఉంటే చాలు:

#!/బిన్/ఎస్‌హెచ్
ఎంకేడిర్ -పీ /ప్రాక్ /సిస్ /డెవ్
మౌంట్ -టి ప్రాక్ ప్రాక్ /ప్రాక్
మౌంట్ -టి సిస్ఎఫ్ఎస్ సిస్ఎఫ్ఎస్ /సిస్
మౌంట్ -టి డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ /డెవ్
ఎంకేడిర్ -పీ /డెవ్/పీటీఎస్ /డెవ్/ఎస్‌హెచ్ఎం
మౌంట్ -టి డెవ్‌పీటీఎస్ డెవ్‌పీటీఎస్ /డెవ్/పీటీఎస్
మౌంట్ -టి టీఎంపీఎఫ్ఎస్ టీఎంపీఎఫ్ఎస్ /డెవ్/ఎస్‌హెచ్ఎం
ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్

మౌంట్‌లో ఒకే మాట రెండుసార్లు ఎందుకని అడుగుతారు. మొదటిది రకం, రెండోది ఏ డివైస్ నుంచి అన్నది. ఇక్కడ డివైస్ లేదు కాబట్టి ఆ స్థానంలో ఏం రాసినా నడుస్తుంది. అదే పేరు రాస్తే తర్వాత జాబితాలో చదువుకోవడానికి బాగుంటుంది. చివరి లైనులో ఎగ్జెక్ తప్పనిసరి. అది లేకపోతే ఇనిట్‌కు ఒకటో నంబరు దక్కదు, బిజీబాక్స్ ఇనిట్ ఆ నంబరు లేకుండా పనిచేయనంటుంది.

మీరు ముందు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో లేచి, తర్వాత ఎస్‌డీ కార్డు మీది రూట్‌కు మారాలనుకుంటే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఇక్కడ అనుభవమున్నవాళ్లు కూడా ఆగిపోవడం చూశాను. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో అన్నీ సరిగ్గా మౌంట్ చేస్తారు, పీఎస్ పనిచేస్తుంది, స్విచ్_రూట్‌తో కొత్త రూట్‌కు వెళ్లగానే /ప్రాక్ మళ్లీ ఖాళీ. ఉబుంటు లాంటి వాటిలో దొరికే యూటిల్-లైనక్స్ స్విచ్_రూట్ వెళ్తూ వెళ్తూ /ప్రాక్, /సిస్, /డెవ్, /రన్ మౌంట్లను కొత్త రూట్‌లోకి తనే జరుపుతుంది. బిజీబాక్స్ స్విచ్_రూట్ ఆ పని చేయదు. పేరు ఒక్కటే, ప్రవర్తన వేరు. డెస్క్‌టాప్ మీది స్క్రిప్టు చూసి రాసుకున్నవాళ్లకు ఈ తేడా ఎక్కడా కనపడదు.

దీనికి రెండు దారులు. స్విచ్_రూట్‌కు ముందు మౌంట్ --మూవ్ /ప్రాక్ /కొత్తరూట్/ప్రాక్ అని ఒక్కొక్కదాన్నీ జరపడం ఒకటి. ఇక్కడివి విప్పేసి, కార్డు మీది ఆర్‌సీఎస్‌లో మళ్లీ మొదటి నుంచి మౌంట్ చేయడం ఇంకొకటి. /ప్రాక్, /సిస్‌లకు నేను రెండోదే ఇష్టపడతాను, ఎందుకంటే ఆ రూట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేకుండా నేరుగా బూట్ అయినా పనిచేస్తుంది. /డెవ్‌ను మాత్రం జరపడమే మేలు, లేకపోతే ఇనిట్ మొదలైన క్షణానికి కన్సోల్ నోడ్ ఉండదు. ఏ దారిలో వెళ్లినా కార్డు మీద ఆ ఖాళీ డైరెక్టరీలు ఉండాలి.

/డెవ్ గురించి ఒక అపోహ బాగా ఉంది. కాన్ఫిగ్_డెవ్‌టీఎంపీఎఫ్ఎస్_మౌంట్ ఆన్ చేశాం కదా, కెర్నలే మౌంట్ చేస్తుందని. డిస్కు మీది రూట్‌తో నేరుగా బూట్ అయితే నిజమే, లాగ్‌లో "డెవ్‌టీఎంపీఎఫ్ఎస్: మౌంటెడ్" అని కూడా వస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉంటే ఆ ఆప్షన్ వర్తించదు, చేత్తో చేయాల్సిందే. ఆ ఆప్షన్ కిందున్న సహాయంలో ఈ మాట స్పష్టంగా రాసి ఉంది. బూట్ మొదట్లోనే "అనేబుల్ టు ఓపెన్ యాన్ ఇనిషియల్ కన్సోల్" అనే వార్నింగ్ కనిపిస్తే, ఇమేజ్‌లో /డెవ్/కన్సోల్ నోడ్ లేదని అర్థం. /ఇనిట్ నడిచేలోపే కెర్నల్‌కు అది కావాలి కాబట్టి, దీన్ని మాత్రం ఎంకేనోడ్‌తో ఇమేజ్‌లోనే పెట్టాలి: క్యారెక్టర్ డివైస్, మేజర్ 5, మైనర్ 1.

క్రమం కూడా ముఖ్యం. /డెవ్/పీటీఎస్‌ను ముందు మౌంట్ చేసి, ఆ తర్వాత /డెవ్ మీద డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ మౌంట్ చేస్తే మొదటిది కింద పడిపోయి కనపడకుండా పోతుంది. ఇప్పటికే నిండిన /డెవ్ మీద పాత ట్యుటోరియల్ చూసి టీఎంపీఎఫ్ఎస్ మౌంట్ చేస్తే నోడ్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ఎక్కడికీ పోలేదు, కింద ఉన్నాయి, యూమౌంట్ /డెవ్ కొడితే తిరిగి వస్తాయి. డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌తో లాగిన్ అయ్యేటప్పుడు పీటీవై (లాగిన్‌కు కావలసిన సూడో టెర్మినల్) దొరకలేదంటే చూడాల్సింది ఈ /డెవ్/పీటీఎస్‌నే. షేర్డ్ మెమరీ, సెమఫోర్ వాడే ప్రోగ్రామ్ పడిపోతే /డెవ్/ఎస్‌హెచ్ఎం. /డెవ్/ఎఫ్‌డీ, /డెవ్/ఎస్‌టీడీఇన్ లాంటి లింకులను డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ ఇవ్వదు, డెస్క్‌టాప్‌లో డివైస్‌లను చూసుకునే యూడెవ్ పెడుతుంది. మీరు ఆర్‌సీఎస్‌లో /ప్రాక్/సెల్ఫ్/ఎఫ్‌డీకి లింకు పెట్టుకోవాలి. ఎండెవ్ -ఎస్ (నోడ్లు తయారుచేసే బిజీబాక్స్ కమాండ్) వాడేటట్టయితే దానికి ముందే /సిస్ మౌంట్ అయి ఉండాలి, అది నోడ్ల వివరాలు అక్కడినుంచే చదువుతుంది. "కాంట్ ఓపెన్ /డెవ్/టీటీవై2" అని పదేపదే వచ్చే లైన్లు మాత్రం ఈ సమస్యకు సంబంధించినవి కావు. ఇనిట్‌ట్యాబ్ లేనప్పుడు బిజీబాక్స్ లేని స్క్రీన్ల మీద షెల్ తెరవబోతుంది. సీరియల్ కన్సోల్ ఒక్కదానికే లైను రాసిన ఇనిట్‌ట్యాబ్ పెడితే ఆగిపోతాయి.

అన్నీ మౌంట్ అయ్యాక కూడా ఏదో ఒక్క ఫైలు లేకపోవచ్చు. అప్పుడు మౌంట్‌ను వదిలేసి ఆ ఫైలును ఇచ్చే ఆప్షన్‌ను వెతకాలి. /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్‌కు ఐకేకాన్ఫిగ్_ప్రాక్ కావాలి. దీన్ని ఆన్ చేసి ఉంచుకోమని గట్టిగా చెప్తాను, నడుస్తున్న కెర్నల్‌లో ఏముందో అనుమానం లేకుండా తెలుస్తుంది. /ప్రాక్/సిస్ మొత్తం ప్రాక్_సిస్‌సీటీఎల్ వల్ల వస్తుంది. /ప్రాక్/మాడ్యూల్స్ లేదంటే మాడ్యూళ్ల సపోర్టే లేదు. /ప్రాక్/సిస్/కెర్నల్/హాట్‌ప్లగ్ లేకపోతే యూఈవెంట్_హెల్పర్ ఆఫ్‌లో ఉంది. ఎండెవ్‌ను అక్కడ రాయమనే పాత పద్ధతి బదులు, కొత్త బిజీబాక్స్‌లో ఎండెవ్ -డీ అని డీమన్‌గా నడిపించండి. /సిస్/కెర్నల్/డీబగ్ ఖాళీగా ఉంటే అది వేరే ఫైల్ సిస్టమ్, డీబగ్ఎఫ్ఎస్ అనే రకంతో విడిగా మౌంట్ చేయాలి. ఏ ఏ రకాలు ఈ కెర్నల్‌లో ఉన్నాయో /ప్రాక్/ఫైల్‌సిస్టమ్స్ చూస్తే జాబితా వస్తుంది.

ఆర్మ్ బోర్డుల మీద నన్ను ఎక్కువమంది అడిగేది /ప్రాక్/డివైస్-ట్రీ గురించి. ఎల్ఎస్‌లో పేరు కనిపిస్తుంది, లోపలికి వెళ్లబోతే లేదంటుంది. అది /సిస్/ఫర్మ్‌వేర్/డివైస్‌ట్రీ/బేస్‌కు లింకు మాత్రమే. /ప్రాక్ మౌంట్ చేసి /సిస్ మర్చిపోతే ఇలాగే జరుగుతుంది. /సిస్ మౌంట్ చేసి /ప్రాక్/డివైస్-ట్రీ/మోడల్‌ను క్యాట్ చేయండి, మీ బోర్డు పేరు రావాలి. ఆ పేరు కూడా రాకపోతే యూబూట్ ఏ డీటీబీ (బోర్డు హార్డ్‌వేర్ వివరాల ఫైలు) ఇస్తోందో చూడాలి.

చివరిగా మీరు అడిగిన /సిస్/క్లాస్/జీపీఐఓ. /సిస్ సరిగ్గా మౌంట్ అయి, /సిస్/క్లాస్‌లో మిగతావి ఉండి, జీపీఐఓ ఒక్కటే లేకపోతే అది మీ తప్పు కాదు. ఆ పద్ధతిని 4.8 కెర్నల్ నుంచి పాతబడినదిగా ప్రకటించారు. ఇప్పుడు ఎక్స్‌పర్ట్ ఆన్ చేస్తే తప్ప కాన్ఫిగ్_జీపీఐఓ_సిస్ఎఫ్ఎస్ మెనూలో కనపడదు. దాన్ని తెచ్చుకున్నా, కొత్త కెర్నళ్లలో డైనమిక్‌గా ఇచ్చే జీపీఐఓ నంబర్లు 512 నుంచి మొదలవుతాయి కాబట్టి, పాత పాఠాల్లోని నంబరు చాలా బోర్డుల మీద పనిచేయదు. కొత్తగా రాసే ప్రోగ్రామ్‌కు /డెవ్/జీపీఐఓచిప్0 లాంటి నోడ్లు, లిబ్‌జీపీఐఓడీ అనే లైబ్రరీ వాడండి. ముందు జీపీఐఓడిటెక్ట్ కొట్టండి, మీ బోర్డులోని ఏఎం335ఎక్స్ ప్రాసెసర్‌లో ఒక్కొక్కటి 32 లైన్లతో నాలుగు బ్యాంకులు కనిపించాలి. మీకు కావలసింది బోర్డు మీదున్న నాలుగు నీలం ఎల్‌ఈడీలను వెలిగించడమే అయితే జీపీఐఓ జోలికే వెళ్లనక్కర్లేదు. అవి ఎల్‌ఈడీ డ్రైవర్ చేతిలో ఉంటాయి, ఎక్స్‌పోర్ట్ చేయబోతే బిజీ అంటుంది. /సిస్/క్లాస్/ఎల్ఈడీస్ లోపల యూఎస్ఆర్0 అని పేరులో ఉన్న డైరెక్టరీకి వెళ్లి, ట్రిగ్గర్ ఫైలులో నన్ అని, తర్వాత బ్రైట్‌నెస్ ఫైలులో 1 అని ఎకో చేయండి. ఆ డైరెక్టరీయే లేకపోతే కెర్నల్‌లో కాన్ఫిగ్_న్యూ_ఎల్ఈడీస్, కాన్ఫిగ్_ఎల్ఈడీస్_క్లాస్, కాన్ఫిగ్_ఎల్ఈడీస్_జీపీఐఓ మూడూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి, టైనీకాన్ఫిగ్ వాటిని కూడా తీసేసి ఉంటుంది.